ఆటలో అరటిపండు కాదు!

వీడియోగేమ్ పేరెత్తితే అమ్మలకు ఒళ్లు మంట. చిప్స్ పొట్లం కనిపిస్తే డాక్టర్లకు మంట. మొదటిదాంతో రెండోదాన్ని వదిలించవచ్చంటే..? అదీ, ప్రత్యేక అవసరాలున్న టీనేజీ పిల్లల చేత!

వీధిలో పిల్లలు దొంగా పోలీసు ఆడుతుంటారు. పక్కింటి బుడ్డోడు 'నేనూ వస్తా' అని రాగం తీస్తాడు. చేర్చుకోకపోతే వాళ్లమ్మ ఊరుకోదు. సరే రమ్మంటారు. కానీ వాడు దొరికినా దొంగ కాడు, గెలిచినా లెక్కలోకి రాడు. అలాంటివాడికి మనవాళ్లు పెట్టిన ముద్దు పేరు... 'ఆటలో అరటిపండు'.

బుడ్డోడికేం, రెండేళ్లు పోతే వాడే అసలు దొంగవుతాడు. కొందరు పిల్లలు మాత్రం పదిహేనేళ్లొచ్చినా అరటిపండుగానే మిగిలిపోతారు. డౌన్ సిండ్రోమ్, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ... డాక్టరు రాసిన పేరేదైనా కావచ్చు. బళ్లో ఉంటారు, పెళ్లిలో ఉంటారు, ఫొటోలోనూ ఉంటారు. వాళ్ల వంతు మాత్రం రాదు. భోజనం దగ్గరా అంతే. ఏం తినాలో అమ్మ చెబుతుంది, ఇంకో ముద్ద తినాల్సిందేనని నాన్నమ్మ అంటుంది, ఎప్పుడు తినాలో బడి గంట చెబుతుంది. 'నీకేం కావాలి?' అని అడిగేవాళ్లుండరు. అడిగినా జవాబు వచ్చేదాకా ఆగేవాళ్లుండరు.

నెల్లూరు తీరంలోని చిల్లకూరునే తీసుకోండి. గూడూరు పక్కనే, జాతీయ రహదారిని ఆనుకుని ఉంటుంది. సిలికా ఇసుకకు పేరున్న ప్రాంతం. పక్కనే గూడూరు నిమ్మ మార్కెట్టు. సముద్రం అట్టే దూరం లేదు కాబట్టి చేపలకూ రొయ్యలకూ కొదవ లేదు. రాగి సంకటి, చేపల పులుసు తెలియని ఇల్లుండదు. ఇంత తిండి చుట్టూ ఉన్నా, ఇక్కడే కాదు, మన ఊళ్లలో ఏ బడ్డీకొట్టు ముందు చూసినా దండల్లా వేలాడేవి ఐదు రూపాయల పొట్లాలే!

అలాంటి ఊళ్లో ఓ పదిహేనేళ్ల అబ్బాయి ఉన్నాడనుకుందాం. డౌన్ సిండ్రోమ్. చదవడం అంతగా రాదు, కానీ అన్నయ్య ఫోనులో ఏ బొమ్మ నొక్కితే ఏ ఆట వస్తుందో ఇంట్లో అందరికన్నా వాడికే బాగా తెలుసు. బయటికొస్తే 'పాపం' అంటూ ఒకరు బిస్కెట్ చేతిలో పెడతారు. బడిలో అక్షరం దిద్దితే టీచరు చాక్లెట్ ఇస్తారు. ఏడుపు ఆపితే చిప్స్. ఫిజియోథెరపీ చేయించుకుంటే కూల్‌డ్రింక్. ఇందులో ఎవరి తప్పూ లేదు, అంతా ప్రేమే. చిక్కల్లా ఆ ప్రేమ అంతా చక్కెర, నూనె, ఉప్పు రూపంలోనే రావడం. ప్రత్యేక పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు తినుబండారాన్ని బహుమతిగా వాడటం ప్రపంచమంతా ఉన్న పాత అలవాటే. పదేళ్లు అలా గడిచాక 'వీడు లావైపోతున్నాడేంటి డాక్టర్‌గారూ' అని అడుగుతాం!

ఒకడికి ఎక్కువ, ఒకడికి తక్కువ

ప్రత్యేక అవసరాలున్న పిల్లలందరికీ కలిపి ఒకే డైట్ చార్టు ఇస్తే కుదరదు. డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లలో కండరాల బిగువు తక్కువ, థైరాయిడ్ సమస్య ఎక్కువ. కాబట్టి బరువు తేలిగ్గా పెరుగుతారు. మూర్ఛకు వాడే వాల్‌ప్రోయేట్, ప్రవర్తన సమస్యలకిచ్చే రిస్పెరిడోన్ లాంటి మందులూ బరువు పెంచుతాయి. 'మందు మానేద్దాం' అని మాత్రం సొంతంగా అనుకోకండి, అది డాక్టరు తేల్చాల్సిన విషయం.

సెరిబ్రల్ పాల్సీ పిల్లల్లో కథ తిరగబడుతుంది. నమలడం కష్టం, మింగడం కష్టం. గంటసేపు తినిపించినా కడుపు నిండదు. బరువు పెరగరు. వాళ్లకు కావాల్సింది తక్కువ తినే పాఠం కాదు, మెత్తగా, ముల్లు లేకుండా, బలంగా తినే పాఠం. తినేటప్పుడు పదేపదే పొలమారుతుంటే ఆట సంగతి తర్వాత, ముందు డాక్టరుకు చూపించాలి. ఆటిజం పిల్లలది మరో లోకం. అన్నం తెల్లగా ఉంటేనే తింటామంటారు. పప్పు అంటుకుంటే పళ్లెం తోసేస్తారు. అది మొండితనం కాదు. రంగు, వాసన, నాలుకకు తగిలే తీరు వాళ్లను మనకన్నా ఎన్నో రెట్లు ఇబ్బంది పెడతాయి.

అందుకే 'లావుగా ఉన్నవాడు ఓడిపోతాడు' అనే తరహా ఆటలు ఈ పిల్లలకు పనికిరావు. పనికిరాకపోవడమే కాదు, అపకారం కూడా.

ముందు కనిపెట్టింది వాళ్లే

వీడియోగేముతో తిండి అలవాట్లు మార్చవచ్చని ముందుగా పసిగట్టింది ఎవరనుకున్నారు? డాక్టర్లా? ఉపాధ్యాయులా? కాదు, తినుబండారాలు అమ్మేవాళ్లు! చీటోస్ పొట్లం మీద నల్లద్దాలు పెట్టుకుని కనిపించే చిరుతపులి గుర్తుందిగా. 1992లోనే ఆ చెస్టర్ చీతా హీరోగా వీడియోగేమ్ వచ్చేసింది. ఆ మరుసటేడాది సెవెన్ అప్ ప్రచార చిహ్నం 'కూల్ స్పాట్'తో ఇంకోటి. 2006లో బర్గర్ కింగ్ ఏకంగా మూడు ఎక్స్‌బాక్స్ గేములు తీసి బర్గర్లతో పాటు అమ్మితే 30 లక్షలకు పైగా కాపీలు అమ్ముడుపోయాయి. అదే ఏడాది కైజర్ ఫ్యామిలీ ఫౌండేషన్ అమెరికాలో పిల్లల కోసం నడుస్తున్న 77 తిండి కంపెనీల వెబ్‌సైట్లను జల్లెడ పట్టింది. వాటిలో 73 శాతం సైట్లలో ఆటల ముసుగులో ప్రకటనలే!

ఆట ఆడుతున్నంతసేపూ ఆ బొమ్మ కళ్లముందే ఉంటుంది. గెలిచిన సంతోషం ఆ పొట్లానికి అంటుకుంటుంది. వ్యాపారికి ఈ కిటుకు తెలిసినప్పుడు, వైద్యుడికి తెలియకుండా ఉంటుందా?

తెలిసింది. 1995లో 'పాకీ అండ్ మార్లన్' అనే ఆట వచ్చింది. ఇద్దరు హీరోలూ బుజ్జి ఏనుగులు. ఇద్దరికీ మధుమేహం! వేసవి శిబిరానికి వెళ్లి, శత్రువులతో తలపడుతూనే రక్తంలో చక్కెర చూసుకోవాలి, ఇన్సులిన్ తీసుకోవాలి, ఏ పూట ఏం తినాలో ఎంచుకోవాలి. తప్పు తింటే ఏనుగు డీలా పడిపోతుంది. మధుమేహం ఉన్న 8 నుంచి 16 ఏళ్ల పిల్లలు 59 మందిని రెండు జట్లు చేశారు. ఓ జట్టుకు ఈ ఆట, రెండోదానికి మామూలు వినోదపు ఆట ఇచ్చి ఇంటికి పంపారు. ఆరు నెలల తర్వాత చూస్తే, ఏనుగుల ఆట ఆడిన పిల్లల్లో మధుమేహంతో అత్యవసరంగా ఆసుపత్రికి పరుగెత్తడం 77 శాతం తగ్గింది. 1997లో వెలువడిన ఈ ఫలితాల్లో నాకు నచ్చిందేమిటంటే... ఆ పిల్లలు తమ జబ్బు గురించి అమ్మానాన్నలతో మాట్లాడటం పెరిగింది. ఆట, మాటకు దారి తీసిందన్నమాట.

హ్యూస్టన్‌లోని బేలర్ వైద్య కళాశాల పరిశోధకులు మరో అడుగు వేశారు. వాళ్లు పరీక్షించిన 'ఎస్కేప్ ఫ్రమ్ డయాబ్'లో హీరో డీజే ఓ పీడకల లాంటి రాజ్యంలో పడతాడు. అక్కడ దొరికేదంతా చెత్త తిండే. రాజుగారి పేరు ఈటిస్. రాజ్యం పేరూ రాజు పేరూ కలిపి చదివితే... డయాబెటిస్! దీన్నీ, దీంతోపాటు మరో ఆటనూ 10-12 ఏళ్ల పిల్లలతో ఆడించి చూసి 2011లో ఫలితాలు ప్రకటించారు. పండ్లూ కూరగాయలూ తినడం రోజుకు 0.67 వంతు పెరిగింది. మంచినీళ్లు తాగడంలో మార్పు లేదు. వ్యాయామంలో లేదు. బరువులోనూ లేదు. అంత ఖర్చుపెట్టి తీసిన ఆటలు సాధించింది దాదాపు ఓ ముప్పాతిక జామకాయ! కొట్టిపారేయలేం, అలాగని ఊరేగించనూ లేం.

రెండున్నర గంటల దూరంలో

అవన్నీ అమెరికా కబుర్లు, మనకేంటి అంటారా? గూడూరులో రైలెక్కితే 140 కిలోమీటర్లలోపే చెన్నై. భార్గవ్ శ్రీప్రకాశ్ స్థాపించిన ఫ్రెండ్స్‌లర్న్ సంస్థ రూపొందించిన 'ఫూయా' అనే ఫోన్ గేమును అక్కడే మూడు బళ్లలో పరీక్షించారు. 10-11 ఏళ్ల పిల్లలు 104 మంది. ఒక జట్టు ఇరవై నిమిషాల చొప్పున రెండుసార్లు ఫూయా ఆడింది. ఇంకో జట్టు మామూలు ఆటతో సరిపెట్టుకుంది. తర్వాత తినుబండారాలు ముందుంచి ఎంచుకోమంటే, ఫూయా జట్టు సగటున 2.48 మంచి పదార్థాలు ఎంచుకుంది. రెండో జట్టు 1.10. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ పరిశోధకుల భాగస్వామ్యంతో జరిగిన ఈ అధ్యయనం 2020లో ప్రచురితమైంది.

నలభై నిమిషాల్లో ఇంత తేడానా అని ముచ్చటపడే ముందు ఓ మాట. ఆ పిల్లలు మామూలు బళ్లలో చదివేవాళ్లు. పైగా ఎంపిక చూసింది ఆట ముగిశాక. ఆర్నెల్ల తర్వాత ఇంట్లో ఏం తిన్నారన్నది వేరే ప్రశ్న.

ప్రత్యేక అవసరాలున్న టీనేజీ పిల్లల విషయానికొస్తే, కాన్సస్ విశ్వవిద్యాలయం వాళ్లది చెప్పుకోదగ్గ ప్రయత్నం. మేధోవైకల్యం ఉండి బరువు ఎక్కువగా ఉన్న 20 మందికి ట్యాబ్లెట్లు ఇచ్చారు. ఏం తిన్నదీ, ఎంత నడిచిందీ అందులో నమోదు చేసుకోవాలి. నిపుణులు వీడియోకాల్‌లో పలకరిస్తుంటారు. ఒక జట్టుకు మామూలు డైట్, ఇంకో జట్టుకు 'ట్రాఫిక్ లైట్' పద్ధతి. రెండు నెలల్లో రెండు జట్లూ కాస్త బరువు తగ్గాయి. 2015లో వచ్చిన ఆ పరిశోధన చిన్నదే. కానీ 'ఈ పిల్లలకు ఇవన్నీ ఎక్కడ అర్థమవుతాయి' అనేవాళ్లకు అది మంచి జవాబు. ట్యాబ్లెట్ పట్టుకున్నది వాళ్లే, లెక్క రాసుకున్నదీ వాళ్లే.

ట్రాఫిక్ లైట్ పద్ధతి కొత్తదేం కాదు. లెనార్డ్ ఎప్‌స్టీన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త పిల్లల స్థూలకాయం తగ్గించడానికి రూపొందించింది. ఆకుపచ్చవి ఎంతైనా తినొచ్చు, పసుపువి మితంగా, ఎరుపువి ఎప్పుడో ఒకసారి. చదవడం రాకపోయినా రంగు తెలిస్తే చాలు. మన వంటింటికి దింపితే ఆకుపచ్చలో తోటకూర, సొరకాయ, పల్చటి మజ్జిగ. పసుపులో అన్నం, ఇడ్లీ, గుడ్డు, చేపల పులుసు. ఎరుపులో చిప్స్, కూల్‌డ్రింకు, బజ్జీ. నెల్లూరు వాళ్లు నొచ్చుకోకూడదు మరి, మలైకాజా కూడా! బరువు పెరగాల్సిన పిల్లలకు ఈ జాబితా మారిపోతుందని మాత్రం మరచిపోవద్దు.

ఇక్కడో తిరకాసు. మన దేశంలో ప్రతి శాకాహార పొట్లం మీదా ఓ ఆకుపచ్చ చుక్క ఉంటుంది. చిప్స్ పొట్లం మీద కూడా! 'పచ్చ మంచిది' అని నేర్చుకున్న పిల్లాడు కొట్టుకెళ్లి పొట్లం తిప్పి చూస్తే చుక్క పచ్చగానే కనిపిస్తుంది. వాడి తప్పేముంది? అమెరికా ఆటను తెచ్చి తెలుగు మాటలు అతికిస్తే వచ్చే చిక్కులివే. బ్రకోలీని గెలిపించే ఆటలో మన పిల్లాడికి తెలిసిన కూర ఒక్కటీ ఉండదు. కాబట్టి మన ఆటలో పచ్చరంగుకు బదులు నవ్వే మొహమో, పైకెత్తిన బొటనవేలో పెట్టుకోవడం నయం.

విసుక్కోని మాస్టారు

ఇంతకీ ఈ పిల్లలకు ఆట ఎందుకు పనిచేస్తుంది? ఒకే సంగతి నూరుసార్లు చెబితే మనకు విసుగు, దానికి ఉండదు. తప్పు నొక్కితే 'ఎన్నిసార్లు చెప్పాలిరా' అని మొట్టికాయ వేయదు. ఒప్పు నొక్కిన మరుక్షణం గంట మోగుతుంది. మేధోవైకల్యం ఉన్న పిల్లలకు ఆ 'మరుక్షణం' చాలా ముఖ్యం. సాయంత్రం ఇచ్చే మెచ్చుకోలుకూ పొద్దున చేసిన పనికీ ఉన్న సంబంధం వాళ్లకు అందకపోవచ్చు. చాక్లెట్‌కు బదులు నక్షత్రం బహుమతి అవుతుంది. నక్షత్రాల్లో చక్కెర ఉండదు కదా!

వీటన్నిటికన్నా పెద్ద కారణం, అది వాడి వంతు వచ్చేదాకా ఆగుతుంది. తెర మీద రాగిజావ, కూల్‌డ్రింకు బొమ్మలు వచ్చి నిలబడతాయి. పది సెకన్లు పట్టినా, నిమిషం పట్టినా వాడు నొక్కేదాకా ఆట ముందుకు పోదు. రోజంతా అందరూ వాడి బదులు నిర్ణయాలు తీసుకునే ఇంట్లో, వాడు తీసుకునే నిర్ణయం ఆ ఒక్కటే కావచ్చు.

వేళ్లు సరిగా కదలని పిల్లల సంగతేంటి? వాళ్ల కోసం 2018లో మైక్రోసాఫ్ట్ పెద్ద పెద్ద మీటలున్న 'ఎక్స్‌బాక్స్ అడాప్టివ్ కంట్రోలర్' తెచ్చింది. మోచేత్తో, పాదంతో, తలతో కూడా నొక్కొచ్చు. ఖరీదైన వ్యవహారమే. అందరికీ అంత అక్కర్లేదు. తెర మీద రెండే బొమ్మలు, అరచేతంత పెద్దవి ఉంటే చాలామందికి సరిపోతుంది. చూపులేని పిల్లలకు బొమ్మ బదులు అమ్మ గొంతు.

అమ్మే గేమ్ డిజైనర్

ఇలాంటి ఆట తయారుచేయడానికి కంపెనీ అవసరం లేదు. ఇంట్లో కంప్యూటర్ ముట్టుకునే అన్నో అక్కో ఉంటే ఎంఐటీ వాళ్ల 'స్క్రాచ్' ఉచితంగానే దొరుకుతుంది. అదీ రాకపోతే ప్రెజెంటేషన్ స్లైడ్లు చాలు. ముందు మీ ఇంట్లో నిజంగా వండేవాటినే ఫోనులో ఫొటోలు తీయండి. మీ పళ్లెంలో, మీ గిన్నెలో. ఇంటర్నెట్‌లో దొరికే మెరుపు ఇడ్లీ ఆ పిల్లాడికి ఇడ్లీలా కనిపించకపోవచ్చు. ఒక్కో స్లైడులో రెండు బొమ్మలు, కింద ఒకే ప్రశ్న, మీ గొంతులో, 'ఇప్పుడు ఏది తిందాం నాన్నా?' అని. సరైనది నొక్కితే చప్పట్లు. కానిది నొక్కితే తిట్టు, ఏడుపు మొహం వద్దు, మళ్లీ అవే రెండు బొమ్మలు చాలు. మొదట్లో తేడా కొట్టొచ్చినట్టుండాలి, అరటిపండూ కూల్‌డ్రింకూలా. ఆరెంజ్ డ్రింకుకూ నిమ్మరసానికీ మధ్య తేడా నెల తర్వాత చూద్దాం. నిమ్మకాయలకు గూడూరు ఉండనే ఉంది!

అన్నిటికన్నా కష్టమైన మెట్టు తర్వాతిది. తెరమీద నేర్చుకున్నది పళ్లెంలోకి దానంతటదే దిగదు. ఫోనులో నూటికి నూరు మార్కులు తెచ్చుకుని, వంటింట్లోకొచ్చి చిప్స్ డబ్బా తీసే పిల్లలే ఎక్కువ. వాళ్లకు అది వేరే పాఠం, ఇది వేరే పాఠం. అందుకే ఆట ముగియగానే అదే రెండు పదార్థాలు నిజంగా వాళ్ల ముందుండాలి. తెరమీద రాగిజావ గెలిస్తే గ్లాసులో రాగిజావే రావాలి. 2023 మార్చి నుంచి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బళ్లలో మధ్యాహ్న భోజన పథకం కింద రాగిజావ కూడా ఇవ్వడం మొదలుపెట్టారు. బడిలో తాగే గ్లాసునే ఆటలో చూపిస్తే పని ఇంకా సులువు.

ఆటిజం ఉన్నవాళ్లకు తినడమే గెలుపు కాదు. తోటకూర ఫొటో చూడటం ఒక మెట్టు, పళ్లెం అంచున ఉంచనివ్వడం ఒక మెట్టు, వేలితో తాకడం మరొకటి. ఒక్కోదానికీ ఒక్కో నక్షత్రం. నోట్లో పెట్టుకోవడానికి మూడు నెలలు పట్టినా కంగారు పడక్కర్లేదు.

జాగ్రత్తలూ ఉన్నాయి. 1997 డిసెంబరు 16న జపాన్‌లో పోకెమాన్ కార్టూన్‌లో ఎరుపూ నీలమూ వెలుగులు చకచకా మెరిసేసరికి 685 మంది పిల్లలు ఆసుపత్రుల పాలయ్యారు. మూర్ఛ ఉన్న పిల్లలు మన కథలో ఎక్కువ. కాబట్టి మిణుకుమిణుకుమనే ఆటలు వద్దు. ఇంకోటి... ఆట వేళ వేరు, అన్నం వేళ వేరు. ఫోను చూపించి ముద్దలు పెట్టడానికీ, ఫోనుతో తిండి నేర్పడానికీ నక్కకూ నాగలోకానికీ ఉన్నంత తేడా. మొదటిదాంట్లో పిల్లాడికి నోట్లో ఏముందో కూడా తెలియదు.

ఏది మంచి తిండో తేల్చుకోవడానికి మనకు దగ్గర్లో పెద్ద దిక్కే ఉంది. 1918లో కూనూరులో మొదలై 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ 2024లో 17 ఆహార సూత్రాలు విడుదల చేసింది. రోజుకు 2000 కేలరీలు కావాల్సినవారి పళ్లెంలో కూరగాయలు 400 గ్రాములు, పండ్లు 100, బియ్యం, రాగుల్లాంటి ధాన్యాలు 250 గ్రాములు ఉండాలంటుంది. ఉప్పు ఐదు గ్రాములు దాటకూడదు. అన్నం పర్వతంలా, కూర పిట్ట రెట్టలా ఉండే మన పళ్లేన్ని ఒకసారి తలచుకోండి! పిల్లాడికి ఎలా నేర్పాలన్నదానికి సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984లో ఏర్పాటైన జాతీయ సంస్థ ఉంది. మనకు నిమ్‌హెచ్‌గా తెలిసిన దాని పేరు ఇప్పుడు నీపిడ్. దాని ఆధ్వర్యంలోని ప్రాంతీయ కేంద్రం నెల్లూరుకే వచ్చింది. మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. అక్కడి టీచర్లతో మాట్లాడితే మీ పిల్లాడికి ఎన్ని బొమ్మలు చూపొచ్చో, ఏ మీట నప్పుతుందో చెప్పగలరు. అన్నట్టు, ఈసారి అక్షరం దిద్దినప్పుడు చాక్లెట్‌కు బదులు ఇంకేమైనా ఇవ్వమని కూడా అడగండి.

ఈ పిల్లల తల్లిదండ్రులు బయటికి అనకపోయినా లోపల మెదిలే ప్రశ్న ఒకటుంటుంది. 'మా తర్వాత వీడికి అన్నం ఎవరు పెడతారు?' ఏ ఫోనూ దానికి జవాబు చెప్పలేదు. ఆకలేస్తే ఏం తినాలో తనే చూసుకుని, చేతిలో పది రూపాయలుంటే ఏం కొనుక్కోవాలో తనే తేల్చుకోగలిగితే మాత్రం ఆ ప్రశ్న బరువు కాస్త తగ్గుతుంది. అందుకే ఆటలో చివరి అంకం తెరమీద ఉండకూడదు, వీధి చివర బడ్డీకొట్టు దగ్గర ఉండాలి. కొట్టు యజమానికి ముందే ఓ మాట చెప్పి ఉంచండి. పిల్లాడి చేతికి పది నోటిచ్చి, మీరు పది అడుగుల దూరంలో నిలబడండి. 'అది కాదురా' అని అరవకండి. మొదటిరోజే వేరుశనగ చిక్కీ అడుగుతాడని ఆశ పెట్టుకోకండి. చిప్సే అడగొచ్చు. అడగనివ్వండి. మిగిలిన చిల్లర లెక్క చూసి తెచ్చుకోనివ్వండి. రేపు మళ్లీ ఆట ఉంటుందిగా!